నత్తగుల్లల రేవులో టక్‌టక్

మా కెర్కెనా దీవిలో చీకటి పడితే నత్తగుల్లల రేవు వైపు మగాళ్లు కూడా వెళ్లేవాళ్లు కాదు. అక్కడ ఇసుకలో ఒక పాత తెరచాప పడవ ఒరిగి పడుండేది. ఇరవై ఏళ్ల కిందట ఫర్హాత్ దాన్ని చేపలకని తీసుకెళ్లాడు. మర్నాడు పడవొక్కటే తిరిగొచ్చింది, అంచుల దాకా నీళ్లతో... ఫర్హాత్ రాలేదు.

అప్పట్నించీ చీకటి పడ్డాక ఆ పడవ దగ్గర — టక్... టక్... టక్.

ఫర్హాతే తడుతున్నాడని అందరూ అనేవాళ్లు. నేనూ అన్నాను, అబద్ధమెందుకు!

ఆయన కూతురు నజీహా మాత్రం ఆ మాటంటే మండిపడేది. "మా నాన్న బతికుండగా ఎవరి గుమ్మం ముందూ నిలబడలేదు. చచ్చాక తలుపులు తడతాడా?"

పోయిన చలికాలం ఆమె తమ్ముడు లమీన్ ఆ పడవని ఓ హోటలుకి ఇచ్చేస్తానన్నాడు. వాకిట్లో పెట్టి, లోపల మట్టి పోసి పూలమొక్కలు వేస్తారట. నజీహా అడ్డం తిరిగింది.

"సరే అక్కా," అన్నాడు వాడు వెటకారంగా. "వసంతంలో అందరూ తెరచాపలెత్తే రోజుకి ఇది నీళ్ల మీద తేలితే నీదే. లేదా, మట్టి పోయిస్తా."

పడవలోకి నీళ్లు రాకుండా చెక్కల సందులు పూడ్చడంలో చేయి తిరిగినవాడు మా దీవిలో తీజానీ ముసలాయన ఒక్కడే. అడిగితే మొహం తిప్పుకున్నాడు. "దాన్ని ముట్టను, పో."

పోతే పోయాడని నజీహా తనే మొదలుపెట్టింది. మూడు నెలలు చెక్కల సందుల్లో దూది కూరి, చెక్క సుత్తితో బిగించి కొట్టింది. అరచేతులు బొబ్బలెక్కాయి. తెరచాపలెత్తే రోజుకి ఇక పన్నెండు రోజులున్నాయనగా ఒక పొద్దున వెళ్లి చూస్తే... కూరిన దూది పీకేసి ఉంది. మర్నాడూ అంతే.

"చూశావా, నాన్నకే ఇష్టం లేదు," అన్నాడు లమీన్.

"లేకపోతే నా మొహం మీదే చెప్పమను."

ఆ రాత్రి ఆమె దుప్పటి తీసుకెళ్లి పడవలోనే పడుకుంది. ఎంతసేపటికో తెలీదు... తడి ఇసుకలో అడుగుల చప్పుడు. దగ్గరికొచ్చి ఆగింది. తర్వాత సరిగ్గా ఆమె వీపు కిందే —

టక్.

భయపడ్డానని తనే నాతో ఒప్పుకుంది. అయినా లేచి, సుత్తితో లోపల్నించి తిరిగి కొట్టింది. టక్!

"నాన్నా, నువ్వే అయితే విను. దీన్ని పూలకుండీ కానివ్వను. నువ్వొద్దన్నా కానివ్వను!"

బయట ఎవరో ఏడుస్తున్నారు.

ఆమె తల పైకెత్తి చూసింది. తీజానీ! ఒక చేతిలో కొక్కెం, ఒక చేతిలో దూది.

"బాబాయ్! నా కష్టమంతా పాడుచేస్తున్నది నువ్వా?"

"పాడుచెయ్యడం కాదే పిల్లా..." అన్నాడు గుసగుసగా. "ఎండిన చెక్కల మధ్య ఇంత బిగిస్తావా? రేపు నీళ్లు తాగి ఉబ్బితే ఎటు పోతాయవి? మేకులు పీక్కుని ఊడొస్తాయి... నడిసముద్రంలో."

"నీకెలా తెలుసు?"

తీజానీ పడవ చెక్క మీద చెయ్యి పెట్టాడు.

"ఆ ఏడు తొందరలో దీన్ని నేనూ ఇలాగే బిగించాను. అప్పట్నించీ వచ్చి చెక్క చెక్కా తట్టి చూస్తున్నా... మీ నాన్న పోవడానికి ఇంకేదన్నా కారణం దొరుకుతుందేమోనని. దొరకలేదు."

ఇరవై ఏళ్లు ఊరు ఊరంతా చచ్చినవాణ్ణి దెయ్యమంటుంటే నోరెత్తలేదు, పెద్దమనిషి! నజీహా సుత్తి ఎత్తిందట. ఎత్తి... ఆయన చేతిలో పెట్టింది.

"రేపు పగలు రా. దెయ్యం ఎవరో అందరిముందూ నీ నోటితోనే చెప్పి, పని మొదలుపెట్టు. నిన్ను క్షమిస్తానో లేదో నాకు తెలీదు. ముందు పడవ."

వచ్చాడు. చెప్పాడు. సందులన్నీ వదులుగా పూడ్చాడు. చెక్కలు ఉబ్బి సందులు వాటంతటవే బిగిసేలా పడవని లోతులేని నీళ్లలో వారం నానబెట్టారు.

తెరచాపలెత్తే రోజు రేవంతా జనం. లమీన్ కూడా మూతి ముడుచుకుని నిలబడ్డాడు. నజీహా నీళ్ల మీద తేలుతున్న పడవెక్కి, ఒడ్డున ఉన్న ముసలాయన్ని వేలితో పిలిచింది. "నువ్వూ ఎక్కు బాబాయ్."

"నాకు ఈత రాదే అమ్మాయ్."

"మా నాన్నకి వచ్చేది. అయినా తిరిగి రాలేదు," అంది నజీహా.

తీజానీ ఎక్కి కూర్చున్నాడు.