ఎదురొచ్చిన మిల్లు డ్రైవరు

బాన్సువాడ నుంచి కోటగిరి వెళ్లే దారిలో, కాలువ పక్కన, మూతపడ్డ రైస్ మిల్లు ఒకటుంది. చీకటి పడ్డాక దాని ముందు ఎవరూ హారన్ కూడా కొట్టరు. అక్కడ ఇంజన్ డ్రైవరుగా చేసినాయన మిల్లు ఆగిన నెలకే పోయాడట. ఇంజన్ చప్పుడు లేనిదే నిద్రపట్టని మనిషి... అందుకే ఆ దారిన పోయే బండ్లను ఆపి, చెవి ఆనించి వింటాడని చెప్తారు.

"అన్నీ పిచ్చి మాటలు," అనేవాడు శివప్రసాద్. బాన్సువాడలో ట్రాక్టర్ స్పేర్ పార్టుల దుకాణం ఆయనది. ఇంజన్ల గురించి ఎవరు నోరు తెరిచినా మధ్యలో దూరి సరిదిద్దే రకం. తనకి జరిగిన ఈ కథ పదిమందికీ చెప్పి తన పరువు తనే తీసుకుంటున్నాడు కాబట్టి, మనం మొహమాటపడాల్సిన పని లేదు.

ఆయన బండి నలభై ఐదేళ్ల నాటిది, నాన్న సుబ్బరాయుడు నడిపిన మోటార్ సైకిల్. నాన్న పోయాక ఆ హ్యాండిల్ పట్టుకుంటే ఆయన చెయ్యి పట్టుకున్నట్టే ఉండేది శివప్రసాద్‌కి.

వరి కోతల రోజులు. హార్వెస్టర్ల వాళ్లు వచ్చి పోతుంటే దుకాణం కట్టేసరికి రాత్రి తొమ్మిది. దసరా వెళ్లిన మర్నాడు, ఆ దారినే ఇంటికి పోతుంటే, సరిగ్గా మిల్లు గేటు ముందు బండి రెండుసార్లు దగ్గింది... ఆగిపోయింది.

కిక్కు కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఊహూఁ. పెట్రోలుందో లేదోనని ట్యాంకు మూత తిప్పాడు—

"ఉస్స్..."

చెవి పక్కనే ఎవరో నిట్టూర్చారు.

ఫోన్ లైటు వేశాడు. ఎవరూ లేరు. ట్యాంకులో పెట్రోలు సగానికి పైనే ఉంది. మూత బిగించి కిక్కు కొడితే ఒక్క దెబ్బకే స్టార్టయింది. ఆ డ్రైవరు విన్నాడు... వదిలేశాడు.

ఇంటికొచ్చి భార్య బిందుమాధవితో, బండి మిల్లు దగ్గర ఆగిందని మాత్రమే చెప్పాడు. "తుక్కు బండి ఎక్కడైనా ఆగుతుంది," అనేసి ఆవిడ అన్నం వడ్డించింది.

మర్నాడు మెకానిక్ రౌఫ్ దగ్గర కార్బురేటర్ విప్పించాడు. ప్లగ్గు మార్పించాడు, పెట్రోల్ పైపు ఊదించాడు. మూత తీసి చూస్తే పెట్రోలు ధారగా దిగుతోంది. రౌఫ్ ఏదో చెప్పబోతే, "నాకు తెలుసులే భాయ్, చెత్త చేరింది," అని తనే తేల్చేశాడు.

ఆ రాత్రి బండి మిల్లు దాకా పోనేలేదు. ఇవతల కల్వర్టు దగ్గరే ఆగింది. మూత తీస్తే అదే నిట్టూర్పు. మూడో రాత్రి కల్వర్టుకూ ఇవతలే ఆగింది.

శివప్రసాద్‌కి విషయం అర్థమైంది. డ్రైవరు మిల్లులో కూర్చుని ఎదురుచూడటం మానేశాడు. రోజూ కాస్త కాస్త ఎదురొస్తున్నాడు... ఈ లెక్కన నాలుగు రోజులాగితే దుకాణం షట్టరు ముందే కలుసుకోవచ్చు!

"మావయ్యగారి బండి కదా అని ఊరుకున్నాను," అంది బిందుమాధవి ఆ రాత్రి. "ఇంకొక్కసారి ఆగిందంటే, డోంగ్లి ఊరాయన కొంటానని అడుగుతున్నాడే, ఆయనకి ఆదివారం ఇచ్చేద్దాం."

నాన్న బండి పోతుందన్న దిగులుతో ఆయనకు తెల్లవార్లూ నిద్ర లేదు. పొద్దున్నే, ఎవరూ చూడకుండా, మన ఇంజన్ పండితుడు చిటికెడు పసుపు తడిపాడు. దసరా పూజలో పెట్టిన బొట్టు మీదే మూతకి మెత్తి, రెండు చేతులూ జోడించాడు.

నాలుగో రాత్రి రౌఫ్‌ని బతిమాలి, అతని స్కూటర్ మీద వెంట రప్పించుకున్నాడు. ఈసారి బండి ఇంకా ముందే ఆగింది. చుట్టూ కోసిన మడులు, కాలువ నీళ్ల చప్పుడు.

"రౌఫ్ భాయ్... ఇప్పుడు విను," గుసగుసగా అన్నాడు శివప్రసాద్. మూత తిప్పాడు.

"ఉస్స్..."

రౌఫ్ పారిపోలేదు. మూత అందుకుని లైటులో తిప్పి చూసి, పడీ పడీ నవ్వాడు.

"గీ బెజ్జం చూడన్నా. పెట్రోల్ కిందికి దిగాలంటే మీదికెల్లి గాలి పోవాలె. పసుపుతోని మూసిపెట్టినవ్. ఇగ పెట్రోల్ ఎట్ల దిగుతది? పొర మందమైనకొద్ది ముందుగాల్నే ఆగుతది. మూత తియ్యంగనే గాలి లోపటికి గుంజుకుంటుంది. గదే నీ దెయ్యం!"

"మరి పొద్దున ఆగదేం?"

"పొద్దున నడుమ బంకుల పెట్రోల్ పోయిస్తవ్ గద? మూత తీస్తవ్. నా దుకాన్ల గూడ మూత తీసే చూస్తిమి. గిన్ని స్పేర్ పార్టులు అమ్ముతవ్, గిది తెల్వదా?"

తెలుసు. రైతులకి వందసార్లు చెప్పిన సంగతే. భయం పట్టుకున్నవాడికి తను చెప్పిందే గుర్తుండదని ఆ రోజే తెలిసింది. సిగ్గుతో శివప్రసాద్ కాలువలో దూకుదామనుకున్నాడు గానీ, నీళ్లు మోకాలి లోతే ఉన్నాయి.

బెజ్జంలో పసుపుని పిన్నుతో గీకుతున్న రౌఫ్ చెయ్యి ఆగింది.

"అన్నా... ఎన్నిసార్లు పూసినవ్?"

"ఒక్కసారే. దసరాది కలిపితే రెండు."

"ఐదు పొరలున్నయే..."

రౌఫ్ నవ్వు ఎటో పోయింది. గబగబా బెజ్జం శుభ్రం చేసి మూత బిగించి, "పైలంగ పో," అని స్కూటర్ వెనక్కి తిప్పాడు.

బండి ఈసారి మిల్లు ముందు నుంచి దగ్గు కూడా లేకుండా దూసుకుపోయింది. శివప్రసాద్ అటు తల తిప్పలేదు. ఇంటి ముందు దిగేసరికి చొక్కా తడిసిపోయింది. గేటు దగ్గరే నిలబడి ఉన్న భార్యకి ఏదీ దాచకుండా అంతా చెప్పేశాడు.

"రెండు పొరలు మనవి మాధవీ... మిగతా మూడూ ఎవరు పూశారు?"

బిందుమాధవి చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"నేనేనండీ. మొదటి రాత్రి మీ మొహం చూశాక నాకు కంటిమీద కునుకు లేదు. మీరు స్నానానికి వెళ్లగానే... రోజూ ఇంత మెత్తుతున్నాను."

"మరి తుక్కు బండన్నావ్? అమ్మేద్దామన్నావ్?"

ఆవిడ కొంగుతో ట్యాంకు మూత తుడిచింది.

"ఎంత మెత్తినా పసుపు పని చెయ్యట్లేదు కదా... ఆ డ్రైవరు మిమ్మల్ని ఎక్కడ తీసుకుపోతాడోనని."