గీసినంత మేరకే

చూడ్డానికి ఆ ఇంటికి వంక పెట్టాల్సింది పెద్దగా లేదు. మూడు గదులు, వంటిల్లు, వెనక చిన్న వరండా. కొని అద్దెకివ్వడానికని బేరమాడి, బయానా కట్టింది తమ్ముడు. మిగతా డబ్బు అక్కది. రిటైరైనప్పుడు చేతికొచ్చిందంతా అందులో పెట్టబోతోంది. ఆమె ఒకే మాట అంది:

"మరమ్మతులు ఏడాది అద్దె దాటితే మనకొద్దురా. బయానా పోతే పోయింది."

మరమ్మతుల లెక్క తీయడంలో తమ్ముడికో పద్ధతుంది. ఇనప తాళంచెవితో గోడని జానెడు జానెడుకీ తడతాడు. గట్టి గోడ టక్కుమంటుంది. లోపల ప్లాస్టరింగ్ విడిపోయిన చోట గుల్లగా మోగుతుంది. అక్కడ సుద్దముక్కతో సున్నా చుడతాడు. తెల్లారి తాపీమేస్త్రి వచ్చి, సున్నాలు కొలిచి, ఖర్చు చెబుతాడు.

"గీసినంత మేరకే కొడతాను బాబూ. గీయనిది ఊడి నెత్తిన పడ్డా నన్నడగొద్దు," అనేవాడు మేస్త్రి.

ఆ సాయంత్రం మబ్బు పట్టి ఉంది. ఇంట్లో కరెంటు లేదు. తడిసిన సున్నం వాసన, దాని అడుగున ఇంకేదో వాసన, ఏళ్ళ తరబడి మూసిన డబ్బా అప్పుడే తెరిచినట్టు. ముందు గదులు బాగానే ఉన్నాయి. వెనకగదిలో మాత్రం తట్టిన చోటల్లా గుల్లే. సున్నా పక్కన సున్నా పడి, గోడకి అమ్మవారు పోసినట్టయింది. ఏడాది అద్దె ఏం ఖర్మ, ఆ ఒక్క గోడే మూడేళ్ళది మింగేలా ఉంది.

అక్క ఫోన్ చేసింది.

"ఏమంటోందిరా నీ రాజమహలు?"

"బాగానే ఉందక్కా. పైపై పనులే."

"నీ పైపై నాకు తెలీదూ? చిన్నప్పుడు స్నానం కూడా పైపైనే చేసేవాడివి. రేపు మేస్త్రితో పాటు నేనూ వస్తా."

ఫోన్ జేబులో పెట్టి తడిగుడ్డ అందుకున్నాడు. రెండు సున్నాలు ఉంచి మిగతావన్నీ తుడవసాగాడు.

చివరిది తుడుస్తుంటే వినిపించింది.

టక్.

గోడ లోపలి నుంచి. సరిగ్గా అతని అరచేతి కింద... జానెడు పక్కన మళ్ళీ టక్. ఇంకో జానెడు. తొందర లేదు. అచ్చం అతని పద్ధతే.

కిటికీలోంచి అవతలికి తొంగిచూశాడు. ఖాళీ స్థలం. వాననీళ్ళు నిలిచిన మట్టి. ఒక్క అడుగు జాడ లేదు.

తెలియకుండానే అదే గోడకి చేరగిలబడ్డాడు. చప్పుడు ఆగింది. ఊపిరి బిగబట్టాడు...

మెడ కింద, చల్లగా... టక్.

జానెడు దిగి... టక్.

మూడోసారి చప్పుడు మారింది. గుల్లగా మోగింది.

ఎలా బయటపడ్డాడో అతనికే తెలీదు. అక్క ఇంటికి చేరేసరికి ఒళ్ళంతా తడిసి ముద్దయింది. "చొక్కా విప్పరా ముందు," అని తువ్వాలుతో వెనక నిలబడింది అక్క.

"వీపు మీద ఈ సున్నా ఏంట్రా?" అని నవ్వింది. "ఇంత వానలో తడిసినా పోలేదు. ఉండు, తుడుస్తా."

తువ్వాలుతో రెండుసార్లు గట్టిగా రుద్దింది.

"పోయింది. సరేగానీ, దాపరికం లేకుండా చెప్పు. ఆ ఇల్లు తీసుకోవచ్చా? నాకున్నది అదొక్కటేరా."

వద్దక్కా, ఆ గోడంతా గుల్ల, సున్నాలు నేనే చెరిపేశాను... అంతా చెప్పేయాలనుకున్నాడు. గుండెనిండా గాలి పీల్చుకున్నాడు.

"తీసుకుందామక్కా. పైపై పనులే." అతని గొంతే. నింపాదిగా, నమ్మకంగా.

"హమ్మయ్య," అంది అక్క, అతని వెనకాల తువ్వాలు మడతపెడుతూ. "అయితే డబ్బు రేపే ఇచ్చేద్దాం."

అతనింకా పెదవి విప్పలేదు.