నీలగిరి చెట్టు కూలిన రోజు

"మీ చెట్టు పడింది."

తలుపు తీసిన గాస్పార్‌తో అదే వీధిలో ఉండే ఇసొలీనా అన్న మొదటి మాట అది. ఆమె టోపీ అంచు నుంచి వాన నీళ్లు ముక్కు మీదికి కారుతున్నాయి. వెనక సముద్రపు గాలి ఇళ్ల కప్పుల రేకులను టపటపలాడిస్తోంది. చలికాలం నడిమధ్య ఆగస్టు నెలలో చిలీ దేశపు చిలోయే దీవికి తుఫానులు కొత్తేమీ కాదు. కానీ ఇంత మొండి తుఫాను ఆ వీధివాళ్లు చూసి చాలా కాలమైంది.

"చూశాను," అన్నాడు గాస్పార్.

"తిన్నగా తీగల మీద పడింది! వీధంతా కరెంటు పోయింది. కొట్టించండి, కొట్టించండి అని జూన్ నుంచి మొత్తుకుంటున్నాను. ఎన్నిసార్లు చెప్పానో గుర్తుందా అసలు?"

"ఏడుసార్లు. ఏడోసారి మొన్న ఆదివారం. నీలం స్వెటర్ వేసుకొచ్చారు."

 ఆమె కోపం రెట్టింపైంది.

"నవ్వులాటగా ఉందా? మా మేనత్తకి ఆక్సిజన్ మెషిన్ పెట్టి రెండే రోజులైంది. ఇప్పుడది ఆగిపోయింది. సిలిండర్ సాయంత్రం దాకానే వస్తుంది. ఆస్పత్రికి తీసుకెళ్దామంటే దారిలో మట్టి జారి పడిందట!"

గాస్పార్ ముఖం పాలిపోయింది.

"మెషిన్ సంగతి నాకు తెలీదండీ. ఒట్టు." అప్పటికే బూట్లలో కాళ్లు దూరుస్తున్నాడు. "రేవులో నా పడవల షెడ్డులో జనరేటర్ ఉంది. చిన్నదే, మెషిన్‌కి సరిపోతుంది. ఈ బురదలో బండి రాదు గానీ రోసమేల్ తాత ఎద్దులు వస్తాయి."

ఎదురింటి రోసమేల్ తాత ఎద్దుల్ని కాడికి కట్టేసరికి వీధిలో సగం మంది పోగయ్యారు. పక్కింటి నోల్ఫా వెళ్లి ఇసొలీనా మేనత్త ఎల్సిరా దగ్గర కూర్చుంది. ఇసొలీనా పగ్గం పట్టుకుంది.

"మీరెందుకు, జారి పడతారు," అన్నాడు గాస్పార్.

"నేను రాకపోతే మిమ్మల్ని ఎవరు తిడతారు?"

వెళ్లేటప్పుడు ఆమె రెండుసార్లు జారింది. వచ్చేటప్పుడు అతను నిండా బురదలో కూలబడ్డాడు. ఆమెకు నవ్వు ఆగలేదు. ఎద్దులు మాత్రం చక్రాల్లేని చెక్క స్లెడ్జి మీద జనరేటర్‌ని లాగుతూ నింపాదిగా కొండ ఎక్కాయి.

నాలుగున్నరకు, సిలిండర్ ముల్లు ఎర్ర గీత దాటాక, ఇంటి బయట చూరు కింద జనరేటర్ దగ్గింది, తుమ్మింది, అందుకుంది. కిటికీలోంచి లాగిన వైరుతో మెషిన్ మళ్లీ గుయ్యిమంది. ఎల్సిరా అత్త గుండెల నిండా గాలి పీల్చుకుని కళ్లు తెరిచింది.

"ఎవరే ఆ బురద మనిషి?"

"చెట్టు ఓనరు," అంది ఇసొలీనా. 

ఇక వీధి వీధంతా, పొయ్యికి దూరంగా అత్త మంచం వేసి ఉన్న ఆ వంటింట్లోకే వచ్చేసింది. ఫ్రిజ్‌లలో మంచు వదులుతున్న ఆల్చిప్పలు, మాంసం, బస్తాడు బంగాళాదుంపలు వచ్చాయి. కట్టెల పొయ్యి మీద పెద్ద కుండ ఎక్కింది. మాతే ఆకుల టీ గిన్నె చేతులు మారుతూ తిరిగింది. వెలుతురంటే పొయ్యి మంట, ఒక కొవ్వొత్తి. దారి తెరుచుకుని కరెంటు వాళ్లు వచ్చి, బయట చెట్టు కోసి తీగలు కడుతున్నారు. మూలన గాస్పార్, ఇసొలీనా దుంపలు తురుముతున్నారు.

"ఒకటి చెప్పాలి," అన్నాడు గాస్పార్ మెల్లగా. "పడవలు చేసేవాణ్ణి, నా దగ్గర రంపం లేక కాదు. చెట్టు కొట్టేస్తే మీరు మళ్లీ మా గుమ్మం ఎక్కరేమోనని ఆగాను. ఇవాళ అత్తని చూశాక నా మీద నాకే అసహ్యమేసింది."

ఇసొలీనా తురమడం ఆపి అతని వైపు తిరిగింది.

"అయితే మీరే మా ఇంటికి రావచ్చుగా?"

"భయం."

"తుఫానులో ఎద్దుల్ని తోలుకెళ్లిన మనిషికా?"

"ఎద్దులు తిట్టవు కదండీ."

ఆమె పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది. ఇంకో దుంప అందుకుంది.

"ఆ స్వెటర్ కొత్తది. చెట్టు మీద ఫిర్యాదుకి ఎవరైనా కొత్త స్వెటర్ వేసుకొస్తారా? అంత కూడా తెలీదా నీకు?"

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరూ గమనించలేదు. దుంప పాలతో జిగటగా ఉన్న అతని చెయ్యి ఆమె చేతిని వెతుక్కుంది. ఆమె వెనక్కి తీసుకోలేదు.

సరిగ్గా అప్పుడే నడినెత్తిన బల్బు భగ్గున వెలిగింది.

కరెంటు వచ్చిందని కేక వేయబోయి అందరూ నోళ్లు తెరిచి ఆగిపోయారు. పద్నాలుగు జతల కళ్లు ఆ మూలకు తిరిగాయి. ఇద్దరి మొహాలూ పొయ్యిలో నిప్పుల్లా ఎర్రబడ్డాయి.

ముక్కుకున్న గొట్టం సర్దుకుంటూ ఎల్సిరా అత్త కసిరింది.

"ఏం చూస్తున్నారర్రా? నోల్ఫా, ఆ లైటు ఆర్పు. పిల్లలు మాట్లాడుకుంటున్నారు."