మూలకు పోయిన మేనమామ

"మా మామ ఏడి?"

ఫోటో అట్టను బల్ల మీద పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది ఆ అమ్మాయి. వాన చినుకులు ఇంకా ఆమె నొసటి మీదే ఉన్నాయి.

తన స్టూడియోలో ఫోటోల అంచులు కత్తిరిస్తున్న ఐలేశం తలెత్తి చూశాడు. చూసి, కత్తెర కింద పెట్టడం మరిచిపోయాడు.

"నిన్నే అడుగుతున్న. మా మామ ఏడి?"

"ఏ మామ?"

"మా అక్క బీరమ్మ లగ్గంల ఫోటో దీసినవ్ గదా, పానగల్ల. మా మేనమామ బీరప్ప గీ మూలకే అరుగెక్కి నిలవడ్డడు. ఇప్పుడు సూడు, ఏమున్నది?"

ఐలేశం చూశాడు. ఫోటో నాలుగు మూలలూ మసి పూసినట్టు నల్లగా ఉన్నాయి. మూడు మూలల్లో పందిరి గుంజలు పోయాయి, ఎవరికీ నష్టం లేదు. నాలుగో మూలలో మేనమామ మొత్తంగా పోయాడు. ఒక్క చెయ్యి మాత్రం మిగిలింది.

"కానీ మబ్బులు సూసిన్రా, ఎంత మంచిగ వచ్చినయో..." అన్నాడు మెల్లగా.

"మాకు మబ్బులెందుకు? మామ గావాలె!"

వెనకాల వచ్చిన ముసలమ్మ స్టూలు మీద కూలబడి, "జర నెమ్మదిగ మాట్లాడవే అండాలూ" అంది. ఆమె హనుమమ్మ, అండాలుకు అవ్వ, నాయిన తల్లి.

సంగతి అవ్వే చెప్పింది. అండాలు నాయిన గుర్వయ్యకూ, మేనమామ బీరప్పకూ గొర్రెలు మేపే జాగా దగ్గర తగాదా వచ్చి ఏండ్లు గడిచాయి. అమ్మ జానమ్మ కాళ్ళావేళ్ళా పడితే బీరప్ప షాద్‌నగర్ నుంచి పెండ్లికి వచ్చాడు. బావలిద్దరూ ఒక్క బంతిలో కూర్చుని తిన్నారు. అంతా బాగైందనుకునే లోపల ఈ ఫోటో చేరింది.

"'కావాల్నని నా మొఖానికి మసి పూపిచ్చిండు మా బావ' అనవట్టె బీరప్ప" అంది అవ్వ. "మళ్ళ మీ గడప తొక్కనన్నడు. నా కోడలు బువ్వ ముట్టుత లేదు బిడ్డా."

ఐలేశం నవ్వబోయి ఆగిపోయాడు. నకిరేకల్ దగ్గర మందలు కాసే ఇంట్లోనే పుట్టాడు అతను కూడా. మేనమామ అలిగితే ఆడబిడ్డకు ఎంత దుఃఖమో అతనికి తెలుసు.

"నేను పూయలే, గుర్వయ్య పూయమనలే. ఎందుకిట్లయిందో నాకూ సమజైతలేదు."

"అయితే సూద్దాం పట్టు" అంది అండాలు. కోపం సగం దిగింది. ఆ జాగాలో కుతూహలం ఎక్కింది.

కెమెరా ముందరకు వచ్చింది. సాగర్ డ్యాం దగ్గర పని ముగించుకుని పోతున్న ఒక ఇంజనీరు దగ్గర ముచ్చటపడి కొన్న లెన్సు అది. ఇరుకు వాకిలైనా సరే, ఊరంత చుట్టాలను ఒక్కసారే పట్టుకుంటుంది.

"దీని మీద గీ అద్దాలేంది?"

"ఫిల్టర్లు. నలుపు తెలుపు ఫోటోల పసుపుపచ్చది పెడితే మబ్బులు తేలుతయ్. ఎర్రది పెడితే మొగులు నల్లవడి మబ్బులు ఇంకా తెల్లగ కనవడ్తయ్. మీ లగ్గానికని రెండూ పెట్టిన, ఒకదాని మీద ఒకటి."

"తీసేటప్పుడు మూలలు నల్లగున్నది కనవడలేదా?"

"నేను సూసేది గీ మీది చిన్న కిటికీల నుంచి. లెన్సు ఏం సూస్తదో అందుల తెల్వది."

"మరి లెన్సు కంటితోని సూడరాదా?"

ఆ మాట ఐలేశాన్ని పట్టుకుంది. ఇన్నాళ్ళూ తనకెందుకు తోచలేదు? కెమెరా వెనక తలుపు ఊడదీశాడు. ఫిల్ము ఉండే చోట నూనె కాగితం ముక్క అతికించాడు. లెన్సు కన్ను మూసుకోకుండా మీట నొక్కి పట్టి, నల్లగుడ్డ కప్పుకుని తొంగి చూశాడు.

"కనవడ్తాందా? ఏం కనవడ్తాంది? నన్నూ సూడనీ!"

అతను జరిగాడు. అంతగా జరగలేదేమో, ఒక్క గుడ్డ కింద రెండు తలలయ్యాయి. కాగితం మీద తపాలా బిళ్ళంత స్టూడియో, ఎర్రగా, తలకిందులుగా. అండాలు ఇంకా ముందుకు వంగింది.

"అవ్వా, నువ్వు ఎర్రగ తలకిందులున్నవ్!"

"ఏందే అది? ఇద్దరు గుడ్డ కింద ఏం జేస్తుండ్రు?"

"మామను దేవులాడుతున్నం!"

అవ్వను స్టూలుతో సహా గోడ మూలకు జరిపారు. గుడ్డ కిందకు మళ్ళీ దూరితే అవ్వ లేదు, చీకటి ఉంది. ఐలేశం పై ఎర్ర ఫిల్టర్ తిప్పి తీశాడు. అవ్వ సగం వచ్చింది. పచ్చది కూడా తీశాడు. అవ్వ చీర కొంగుతో సహా పూర్తిగా వచ్చింది.

"కట్టు!" ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

అద్దం చుట్టూ ఉన్న ఇనుప కట్టు. మామూలు లెన్సుకు అది కనపడదు. ఇది అటూ ఇటూ చెవుల దాకా చూసే లెన్సు. రెండు కట్లు ఒకదాని మీద ఒకటి లేచేసరికి, గోడ మీంచి తొంగి చూసినట్టు మూలలు మూసుకుపోయాయి.

చీకట్లో అండాలు కండ్లు మెరిశాయి. ఐలేశం కాగితం మీదికి చూడడం మానేసి చాలాసేపైంది.

"బొమ్మ అటున్నది" అంది ఆమె.

"ఎరికే" అన్నాడు అతను.

మరునాడు ముగ్గురూ కెమెరా పట్టుకుని షాద్‌నగర్ పోయారు. బీరప్ప గొర్రెల దొడ్డి తడికె పట్టుకుని నిలబడ్డాడు, రమ్మనలేదు.

"మసి పూసినోన్ని ఎంట దెచ్చినవా అండాలూ?"

"తిట్టు మామా, కానీ ముందుగాల ఇందుల సూడు."

నల్లగుడ్డ కింద బీరప్ప తల దూరింది. ఐలేశం రెండు ఫిల్టర్లూ బిగించాడు. "మందల మూలకున్న గొర్లు ఏడికి పోయినయ్?" అని లోపలి నుంచి గొంతు. తీశాడు. "ఆఁ, వచ్చినయ్." మళ్ళీ పెట్టాడు. "పోయినయ్!" బీరప్ప ఎంతకూ బయటికి రాడు. పెట్టమంటాడు, తీయమంటాడు, నవ్వుతాడు.

చివరికి మీసం సవరించుకుంటూ తల బయట పెట్టాడు. "గుర్వయ్యకు గీ అద్దాలు ఎరికేనా?"

"లేదు మామా. మబ్బుల మోజుల నేనే పెట్టిన. తప్పు నాది" అన్నాడు ఐలేశం.

బీరప్ప అతన్ని ఎగాదిగా చూశాడు. "ఎవల పిల్లగానివి నువ్వు?"

ఐలేశం ఇంటిపేరు, ఊరు చెప్పాడు. బీరప్ప అవ్వ వైపు చూశాడు. అవ్వ నవ్వు దాచుకుని పక్కకు చూసింది.

ఆ వారంలోనే పానగల్‌లో గుర్వయ్య వాకిట్లో మళ్ళీ అందరూ నిలబడ్డారు. ఒక్క ఫిల్టర్ కూడా లేదు. గుర్వయ్య ఎదురు పోయి బావను చెయ్యి పట్టుకుని తెచ్చి నట్టనడుమ కూర్చోబెట్టాడు. జానమ్మ ఏడుస్తూ నవ్వింది. ఆ లెన్సులో అంచున ఉన్నవాళ్ళు సాగి లావుగా వస్తారని ఐలేశం చెప్పగానే ఎవరూ అంచుకు పోలేదు.

"నేను నిలవడ్త. ఎంత సాగుతనో సూడాలె" అంది అండాలు.

ఫోటో అయింది. ఐలేశం కెమెరా మూసి, నేరుగా గుర్వయ్య ముందుకు పోయాడు.

"మామా, అండాలును నాకిస్తరా?"

గుర్వయ్య బీరప్ప వైపు చూశాడు. "మేనమామ చెప్పాలె."

"పిల్లగాడు మావోడే, మంచోడే. నన్నడుగుడేంది, పిల్లనడుగు" అన్నాడు బీరప్ప.

అందరూ తిరిగి చూశారు. అండాలు కొంగు వేలికి చుట్టుకుంది, విప్పుకుంది.

"ఈయన చీకటి అర్రల నీళ్ళల్ల కాయితం ముంచితే ఫోటో పుడ్తదట. గది నేను సూడాలె" అంది నేల చూపులు చూస్తూ. "లగ్గం గాకుంట అవ్వ ఆ అర్రలకు పోనియ్యది."

అవ్వ పకపకా నవ్వింది.

"మరింక సూస్తరేందిరా, పంతులును పిలువుండ్రి!"