మాస్టర్‌జీ గెలిచిన మధ్యాహ్నం

"బాదం పూచింది!" ఫోన్‌లో చీఫ్ గొంతు.

త్రిలోక్ వాంచూ కుర్చీలోంచి ఎగిరినంత పని చేశాడు. ఆ కోడ్‌కి అర్థం ఒక్కటే. మాస్టర్‌జీ గెలిచారు! బడిపంతులుగా మొదలై, రెండుసార్లు ఓడి, ఏళ్ల తరబడి జైలు కూడు తిని, గడప గడపా తొక్కిన సైఫుద్దీన్ కర్రా రేపు ముఖ్యమంత్రి.

"సంబరం తర్వాత. గాలి తిరిగింది."

రెండో కోడ్. హత్యాప్రయత్నం.

"ఎవరు సార్?"

"సరిహద్దు అవతలి ముఠా. ఒక్కడే. బాంబు. మిగతాది సబీనా చెబుతుంది."

సబీనా రేడియోలో పాటలు వినిపించే అందగత్తె. ఆ ముఠా జీతం తీసుకుంటూ వాళ్ల గుట్టు త్రిలోక్‌కి చేరవేసే డబుల్ ఏజెంట్.

అరచేతుల్లో పెళ్లి గోరింట ఇంకా ఎర్రగా ఉండగానే, పడవవాడి వేషంలో త్రిలోక్ జీలం నది ఒడ్డున ఉన్న మాస్టర్‌జీ ఇల్లు చేరాడు. మంచు దట్టంగా పడుతోంది. గుమ్మంలో ఆడవాళ్లు పాడుతూ వచ్చినవాళ్ల మీద బాదంపప్పు, పటికబెల్లం చల్లుతున్నారు. సబీనా కూడా గుప్పెడు చల్లి గొణిగింది.

"లోపలే ఉన్నాడు. మన భాష మనకంటే బాగా మాట్లాడతాడట. బాంబు మాస్టర్‌జీ పక్కన పెట్టి జారుకుంటాడు."

"ఎలా ఉంటాడు?"

"తెలిస్తే ఇక్కడ బాదం చల్లుతూ కూర్చుంటానా?"

హాల్లో అందరూ ఫెరన్‌లలోనే ఉన్నారు. మోకాళ్లు దాటే ఆ ఉన్ని అంగీల్లోపల చేతులు, చేతుల్లో కాంగ్రీలు, అంటే బుట్టల్లో అమర్చిన చిన్న నిప్పుల కుంపట్లు. ఎవరి అంగీ కింద ఏముందో! తడిమి చూడబోతే వాడు అక్కడికక్కడే పేల్చేస్తాడు.

త్రిలోక్ బయటికెళ్లి తన కాంగ్రీని మంచులో బోర్లించి తిరిగొచ్చాడు.

"భాయి, కాస్త నిప్పు పెట్టవూ? నాది ఆరిపోయింది."

"అరచేతిలో గోరింటైనా వెలిసిపోలేదు, అప్పుడే ఆరిపోయిందా పెళ్లికొడకా!" అన్నాడో ముసలాయన. హాలంతా నవ్వులు. అడిగిన ప్రతివాడూ ఓ కణిక వేశాడు.

మాస్టర్‌జీని ఆనుకుని కూర్చున్న గడ్డపాయన మాత్రం చెయ్యి బయటికి తియ్యలేదు. "నాదీ చల్లారింది భాయి."

పక్కనే టీ కాచే సమోవార్‌లో నిప్పులు భగభగలాడుతున్నాయి. ఈ చలిలో, నిప్పు చేతికందేంత దూరంలో ఉండగా, చల్లారిన కాంగ్రీని కడుపుకు హత్తుకు కూర్చునే కశ్మీరీ ఇంకా పుట్టలేదు!

ఒక్క దూకు. ఫెరన్ చిరిగింది. చేతికొచ్చిన కాంగ్రీలో టిక్, టిక్, టిక్. కిటికీ అద్దం బద్దలు కొట్టుకుని అది నదిలో పడింది. మరుక్షణం జీలం ఇంటెత్తు లేచి కిటికీలోంచి లోపలికి చిమ్మింది.

గుమ్మం వైపు పరుగెత్తినవాడికి సబీనా హైహీల్ అడ్డొచ్చింది. బోర్లా పడ్డాడు. "అయ్యో, తగిలిందా జనాబ్?" అంది.

మాస్టర్‌జీ తడిసిన గడ్డం తుడుచుకున్నారు. "ఓట్లతో నన్ను ముంచలేక, పాపం, నీళ్లతో తడిపారు. రేపు ప్రమాణం కాగానే చౌక్‌దాకా కాలినడకన వెళతాను. పోలీసులు వద్దు."

"మాస్టర్‌జీ, దయచేసి..."

"నువ్వు రావోయ్. కొత్త కోడల్ని కూడా తీసుకురా."

త్రిలోక్ నిట్టూర్చాడు. భార్యతో తొలి షికారు ఖాయమైంది: రేపు పొద్దున్నే, ఊరంతటి మధ్య, నడుముకి పిస్తోలుతో.