తెల్ల కారు మీద తుప్పు చుక్కలు

పాలిషు మేస్త్రి ఆ ఉదయం తలుపు తట్టకుండానే ఆఫీసులోకి వచ్చాడు. కుర్చీలో కూలబడి, రెండు చేతులూ బల్ల మీద పరిచి చూపించాడు. వేళ్ల చివర్లు తోలు లేచి ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి.

"మూడు రోజుల్నుంచి ఆ కారు మీద మచ్చలు రుద్దుతున్నానమ్మా. పోవడం లేదు. రేపు సాయంత్రానికి పోకపోతే పోలీసులకు అప్పజెబుతానన్నాడు కారాయన," అన్నాడు.

బల్లకు అవతల కూర్చున్నావిడను ఆ చుట్టుపక్కల అందరూ అక్క అనే పిలుస్తారు. ఒకప్పుడు ఇన్సూరెన్సు కంపెనీ తరఫున గుద్దుకున్న కార్లను పరీక్షించేది. ఆ పని మానేసి డిటెక్టివు బోర్డు పెట్టుకుని పదేళ్లయింది. పక్కన నోటుపుస్తకంతో కూర్చున్నవాడు ఆవిడ పిన్ని కొడుకు. టైపిస్టు ఉద్యోగం వదులుకుని మరీ అక్క దగ్గర చేరాడు. అక్క తెలివి మీద అతనికి ఎంత గురి ఉందో, ఆ తెలివిని ఆవిడ చివరిదాకా తనకు చెప్పదన్న ఉడుకుమోతుతనమూ అంతే ఉంది.

మేస్త్రి చెప్పిన సంగతి ఇది. మూడంతస్తుల పాత భవనమొకటుంది. రెండో అంతస్తులో పళ్ల డాక్టరు క్లినిక్కు. భవనానికి బయటివైపు ఇనుప మెట్లు. డాక్టరు తన తెల్ల కారును ఆ మెట్ల కిందే నిలుపుతాడు. పోయిన వారం సోమవారం ఆ కారుకు అద్దంలా పాలిషు పెట్టి, మధ్యాహ్నానికి అప్పగించాడు మేస్త్రి. బుధవారం పొద్దున మూడో అంతస్తులో బట్టలు కుట్టే ఆవిడ మెట్లు దిగుతూ, రెండో అంతస్తు మలుపులో రెయిలింగు పట్టుకుంది. అది ఊడి, దానితోపాటు ఆవిడా కింద పడింది. డాక్టరు అప్పటికింకా రాలేదు, కింద కారు లేదు. ఆవిడ రెండు మణికట్లూ విరిగాయి.

ఆ రెయిలింగు నిరుడు వెల్డింగు చేసినవాడు మేస్త్రికి స్వయానా బావ. అద్దెదారుల సంఘానికి అధ్యక్షుడు ఆ డాక్టరే. వెల్డింగు నాసిగా చేసినందువల్లే ఇలా జరిగిందని ఆ సాయంత్రమే ఫిర్యాదు రాసి పంపాడు. బావ లైసెన్సు ఆపేశారు. ప్రమాదం జరిగిన వారానికి డాక్టరు కారు తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. బానెట్టు మీద, కుడివైపంతా, గుండుసూది తలంత ఎర్రమచ్చలు వందల కొద్దీ ఉన్నాయి.

"మీ బావ మీద ఫిర్యాదు చేశానని కడుపుమంటతో యాసిడ్ చల్లావు అంటాడమ్మా. ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. బండికి గీత పడితే నా ఒంటి మీద పడ్డట్టుంటుంది నాకు. నేను చల్లుతానా?"

"కారు ఎక్కడుంది?" అంది అక్క.

"నా షెడ్డులోనే. గడువు పెట్టి వదిలేసి పోయాడు."

అక్క ముఖంలో మొదటిసారి వెలుగు కనిపించింది. ఎందుకో తమ్ముడికి అర్థం కాలేదు.

షెడ్డుకు వెళ్లాక మెట్ల సంగతి కనుక్కోవడానికి తనను పంపుతుందని అతను ఎదురుచూశాడు. అక్క అతని చేతికి తడిగుడ్డ ఇచ్చింది. సబ్బునీళ్లతో తుడిచాడు. పోలేదు. తారు మరకలు తీసే నూనెతో తుడిచాడు. ఒక్క చుక్క కదల్లేదు. మేస్త్రి పక్కన నిలబడి, ఇవన్నీ తాను ముందే చేశానని మూడుసార్లు చెప్పాడు. తమ్ముడికి ఒళ్లు మండింది. ఇంట్లో అంట్లు తోమినా కాస్త పేరు దక్కేది, చదువుకున్నవాడు ఇక్కడ ఇంకొకరి కారు తోముతున్నాడు.

అక్క మాత్రం పల్చని ప్లాస్టిక్ కవరు చేతికి తొడుక్కుంది. అలా తొడుక్కుంటే వేళ్లకు నలుసంత గరుకు కూడా తెలుస్తుందని మేస్త్రే చెప్పాడు. బానెట్టు మీద చెయ్యి పోనిచ్చింది. అలాగే పైకి, ముందు అద్దం మీదికి పోనిచ్చి ఆగింది.

"తమ్ముడూ, నువ్వూ చూడు."

అద్దం కుడివైపు ఇసుక చల్లినట్టుంది. ఎడమవైపు నున్నగా ఉంది.

"యాసిడ్ పెయింటును తింటుంది. అద్దం మీద ఇలా గుచ్చుకుని కూర్చోదు," అంది అక్క. "ఇది తిన్న మచ్చ కాదు. పై నుంచి వచ్చి అంటుకున్నది. మేస్త్రీ, ఇనుము పట్టే మందు ఏమైనా ఉందా?"

ఉంది. ఖరీదెక్కువని దాన్ని బండి చక్రాలకే వాడతాడట, బానెట్టు మీద వాడాలని తట్టలేదట. సీసా తెచ్చి చల్లాడు. రెండు నిమిషాలు ఏమీ కాలేదు. తమ్ముడు గుడ్డ విసిరేయబోతుండగా ఒక్కొక్క చుక్క నుంచీ ఊదారంగు ధార కారడం మొదలైంది. చూస్తుండగానే తెల్ల బానెట్టంతా ఊదా చారలైంది.

మేస్త్రి నోరు తెరిచాడు. ఆ మందు ఇనుము తగిలితేనే రంగు మారుతుంది. ఎక్కడో ఇనుము కోసినప్పుడు ఎగిరిన రజను నిప్పులా వచ్చి పెయింటులో దిగింది. అప్పుడు కంటికి ఆనదు. నాలుగు రోజులు మంచు తగిలితే తుప్పు పట్టి పైకి కనిపిస్తుంది. ఆ ముక్క చెబుతున్నప్పుడు అతనికి తన మీద తనకే కోపం వచ్చింది. మూడు రోజులు తోలు ఊడేలా రుద్దాడు, ఈ సీసా అలమరలోనే ఉంది.

కానీ కొన్ని చుక్కలు రంగు మారలేదు. దగ్గరగా చూస్తే అవి ఎరుపు కాదు, బూడిదరంగు. మేస్త్రి, నలుసులను అంటించుకుని లాగే మెత్తని క్లే ముద్దను తడిపి, ఒక చుక్క మీద అటూ ఇటూ నడిపాడు. బూడిదరంగు ఊడి ముద్దకు అంటుకుంది. దాని కింద ఇంకో చుక్క. మందు తగలగానే అదీ ఊదాగా కారింది.

"ఆపండి," అంది అక్క.

"ఇప్పుడేగా దారికొచ్చింది! గంటలో మొత్తం తీసేస్తాను," అన్నాడు మేస్త్రి.

"ఇంకొక్క చుక్క ముట్టుకోవద్దు."

మేస్త్రి తల పట్టుకున్నాడు. పోనివాటిని పోగొట్టే దారి దొరికాక పోగొట్టవద్దంటే ఎలా అని తమ్ముడిని అడిగాడు. తమ్ముడు మాత్రం ఏం చెప్పగలడు? ఎందుకని అక్కను అడిగితే, నీళ్లు కారిపోకముందే ఫొటోలు తియ్యమంది.

మధ్యాహ్నం ఇద్దరూ భవనానికి వెళ్లారు. మొదటి అంతస్తులో రిటైరైన లెక్కల మాస్టారు ఉంటాడు. ఆ సోమ, మంగళ, బుధవారాల్లో ఏదైనా కోత మిషను చప్పుడు విన్నారా అని అక్క అడిగింది.

"పైన పళ్ల ఆసుపత్రి పెట్టుకుని ఆ మాట అడుగుతారేమిటమ్మా? రోజంతా గుయ్యిమని మోతే కదా," అన్నాడాయన. కాస్త ఆలోచించి, మంగళవారం మధ్యాహ్నం మాత్రం మోత మరీ ఎక్కువగా వచ్చిందన్నాడు. "ఎవరిదో పన్ను గట్టిదనుకున్నాను."

రెండో అంతస్తు మలుపులో ఊడిన చోట తాడు కట్టి ఉంది. పడిపోయిన ముక్కను పాతసామానుకు ఇచ్చేశారట. మిగిలిన గొట్టం మొండికి గుడ్డ చుట్టి ఉంది. అక్క గుడ్డ విప్పి లోపలికి టార్చి వేసింది. గొట్టం లోపల అంచు చుట్టూ గులాబీరంగు ముద్ద గట్టిగా బిగిసి ఉంది. పెయింటు కింద పూసే ప్రైమరు రంగేమో అన్నాడు తమ్ముడు. అక్క కాదనలేదు, ఔననలేదు. దానితో అతనికి మళ్లీ చిర్రెత్తింది.

క్లినిక్కులో డాక్టరు మర్యాదగానే మాట్లాడాడు. కొత్త కుర్చీ మెరిసిపోతోంది. మంచమంత కుర్చీ, దాని నెత్తిన దీపం. గోడ అలమరలో కట్టుడుపళ్ల సెట్లు వరసగా నవ్వుతున్నట్టున్నాయి. ఆ మెట్ల తుప్పు గురించి ఇంటి యజమానురాలికి ఎన్నిసార్లు చెప్పినా పట్టించుకోలేదని, తన అనుమతి లేకుండా ఎవరూ మెట్లను ముట్టుకోకూడదంటుందని డాక్టరు వాపోయాడు. అక్క తల ఊపుతూ విని, కుర్చీ ఏ కంపెనీదో అడిగి తెలుసుకుని వచ్చేసింది.

మర్నాడు సాయంత్రం కారును తెచ్చి మెట్ల కిందే, ఎప్పటి చోటే నిలిపారు. డాక్టరు, మాస్టారు, మేస్త్రి, అతని బావ, రెండు చేతులకూ కట్లతో కుట్టుపని ఆవిడ, అందరూ పెరట్లో చేరారు. బావ అందరికీ దూరంగా, తప్పు చేసినవాడిలా గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

సగం మచ్చలు అలాగే ఉన్న బానెట్టును చూసి డాక్టరు మండిపడ్డాడు. అక్క అతన్ని పూర్తిగా మాట్లాడనిచ్చి, తర్వాత మొదలుపెట్టింది.

"డాక్టరుగారూ, ఈ మచ్చలు మేస్త్రి చల్లినవి కావు. మీ మెట్ల మలుపు నుంచి పడ్డవి. ఒకసారి పైకి చూడండి."

అందరూ చూశారు. ఊడిన చోటు బానెట్టు కుడివైపుకు సరిగ్గా పైన ఉంది.

అక్క నిదానంగా చెప్పుకొచ్చింది. సోమవారం మధ్యాహ్నానికి కారు మీద నలుసు లేదు. బుధవారం ప్రమాదం జరిగాక కారును మెట్ల కింద నిలపడం మానేసి, వీధిలో ఉంచారు. కాబట్టి మచ్చలు పడింది ఆ రెండు రోజుల్లోనే. ముందు పడింది ఇనుపరజను. దాని మీద పడింది బూడిదరంగు పెయింటు తుంపర, సరిగ్గా ఈ రెయిలింగు రంగే. అంటే ఎవరో ముందు రెయిలింగు కోశారు, తర్వాత తిరిగి పెట్టి, కోత కనబడకుండా రంగు కొట్టారు. వెల్డింగు ఊడలేదు. వెల్డింగు ఉన్న చోటు అసలు కదలనే లేదు.

గోడకు ఆనుకున్న బావ తల పైకెత్తాడు.

"ఎవరు కోస్తారు? ఎందుకు కోస్తారు?" అన్నాడు డాక్టరు.

"మంచమంత కుర్చీ ఆ మలుపు తిరగదు కాబట్టి. మంగళవారం మధ్యాహ్నం మీ కుర్చీ తెచ్చిన ఇద్దరినీ కంపెనీ ద్వారా పట్టుకుని మాట్లాడాను. మీరు కొయ్యమంటే కోశామని, అతికించే పని మీరే చూసుకుంటానన్నారని ఇద్దరూ రాసిచ్చారు. వాళ్లు చెప్పకపోయినా ఆ గొట్టం చెబుతుంది. కోసిన మొండిలో గులాబీరంగు ముద్ద ఉంది. కట్టుడుపళ్లకు చిగుళ్లు చేసే పదార్థం అది. పొడీ ద్రవమూ కలిపితే రాయిలా బిగుస్తుంది. ఈ భవనంలో దాన్ని కలపడం వచ్చినవారు మీరొక్కరే."

తమ్ముడికి అలమరలోని పళ్ల సెట్లు కళ్లముందు కదిలాయి. వాటిని తానూ చూశాడు. చూసినా ఆ ముద్దను ప్రైమరనే అనుకున్నాడు. నోటుపుస్తకం మూసేసి, తనను తాను తిట్టుకున్నాడు.

డాక్టరు గొంతు తగ్గించి, ఆదివారం సరిగ్గా అతికించాలనే అనుకున్నానని, యజమానురాలికి తెలిస్తే క్లినిక్కు ఖాళీ చేయిస్తుందని భయపడ్డానని చెప్పాడు. బుధవారం ఆ ఘోరం జరిగాక నిజం చెప్పే ధైర్యం చాలలేదట. తన తప్పు బయటపడుతుందని వెల్డరు మీదికి నెట్టాడు. కారు మచ్చలకూ దీనికీ సంబంధం ఉంటుందని కలలో కూడా అనుకోలేదు.

కుట్టుపని ఆవిడ కట్లు కట్టిన చేతులు ఒళ్లో పెట్టుకుని వింటోంది. ఆవిడ గొంతు పెంచలేదు.

"మంగళవారం సాయంత్రం మీ గుమ్మం ముందు నుంచే పైకి వెళ్లాను డాక్టరుగారూ. మీరు బయటే నిలబడి ఉన్నారు. బాగున్నావా అని అడిగారు కూడా. అమ్మా, దాన్ని పట్టుకోకు అని ఆ నోటితోనే ఒక్క మాట అంటే అయిపోయేది కదా."

అక్క కాగితం, పెన్నూ బానెట్టు మీద పెట్టింది. డాక్టరు వంగి రాయడం మొదలుపెట్టాడు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు, రెయిలింగు తానే కోయించినట్టు రాసి, సంతకం పెట్టాడు. మాస్టారు సాక్షి సంతకం పెట్టి, కాగితాన్ని రెండుసార్లు చదివి అక్కకు ఇచ్చాడు. రేపు పొద్దున అధికారులు వచ్చి చూసేదాకా కారు కదలకూడదని, మిగతా మచ్చలు ఎవరూ తుడవకూడదని అక్క చెప్పింది. మేస్త్రి ఆ బానెట్టు వంక దిగులుగా చూసి, సరేనన్నాడు.

పొద్దు వాలుతోంది. కుట్టుపని ఆవిడ లేచి మెట్ల దగ్గరకు వెళ్లి ఆగిపోయింది. రెండో అంతస్తు మలుపులో తాడు తప్ప ఏమీ లేదు. ఉన్నా పట్టుకోవడానికి చేతుల్లేవు. బావ గోడ దగ్గర నుంచి కదిలి వచ్చాడు. ఆవిడను గోడవైపుకు నడవమని సైగ చేసి, తాను ఖాళీవైపున నిలబడ్డాడు. ఇద్దరూ ఒక్కో మెట్టూ ఎక్కుతూ పైకి వెళ్లారు.