డమ్మీ లేచే వేళ

శ్రీధర్ క్లబ్బు మేడ మీద నుంచి పడి చనిపోయినప్పుడు, కింద హాల్లో అతని పార్ట్‌నర్ ఇంకా పేక ఆడుతూనే ఉంది.

ఆ మాట చెప్పింది నాగలక్ష్మి. ఖమ్మంలో కిరాయికి తీసుకున్న ఆ ఇంటి ముందు టైప్ ఇన్‌స్టిట్యూట్ బోర్డు వేలాడుతుంది. లోపల ఉండేది ఇంటెలిజెన్స్ వింగ్. ఆమె దాని చీఫ్.

“బ్రిడ్జ్ ఎట్ల ఆడతరో తెలుసు కదా?”

“శ్రీధరే నేర్పిండు మేడమ్,” అన్నాడు రూప్‌సింగ్. కారేపల్లి దగ్గరి తండాలో పుట్టి, పోలీసు ట్రైనింగులో శ్రీధర్ రూమ్మేట్‌గా ఉన్నవాడు. “నలుగురు ఆడతరు. ఎదురెదురుగా కూర్చున్నోళ్లు ఒక జట్టు. ఏ జట్టు పెద్ద బిడ్ చేస్తే ఆ జట్టుది ఆట. అందులో ఆ గుర్తును ముందుగ చెప్పినోళ్లు ఒకరే ఆడతరు. రెండో మనిషి ముక్కలు బల్ల మీద పరిచి ఖాళీగ ఉంటడు. ఆ మనిషి డమ్మీ.”

“ఆ డమ్మీ సిగరెట్‌కి పోయినా, ఫోన్‌కి పోయినా ఎవరూ చూడరు. ఆ దినం శ్రీధర్ డమ్మీ. మేడెక్కిండు. శవమై దొరికిండు.”

మిషన్ చిన్న మాటల్లో చెప్పింది. మణుగూరు దాటాక అడవిలో ఒక కాలనీ. అక్కడి క్లబ్బులో ఎవరో విదేశీ ముఠాకు సమాచారం అమ్ముతున్నారు. ఆదివారం సాయంత్రం ఆ దారిన భద్రాచలం నుంచి ఒక కాన్వాయ్ వస్తుంది. సైంటిస్టులు, వాళ్ల వెంట ఒక రహస్య పరికరం. కోడ్ నేమ్ ‘గోదారి’.

“కళావతి అని ఒక డాక్టరమ్మ ఉంది. శ్రీధర్ పార్ట్‌నర్. ముఠాలో ఉండి మనకు పనిచేస్తున్న అన్నది. శ్రీధర్ నమ్మిండు. నేను నమ్మను.”

రూప్‌సింగ్ గుమ్మం దాటబోతుంటే వెనక నుంచి అంది. “ఇంకోటి. కాన్వాయ్ ముందు జీపు నడిపేది మీ తమ్ముడు మంగీలాల్.”

మంగీలాల్‌కి ఆ డ్రైవరు ఉద్యోగం ఇప్పించింది రూప్‌సింగే.

*

ఆదివారం మధ్యాహ్నం క్లబ్బు హాలు నిండుగా ఉంది. రూప్‌సింగ్ చెవికి వినికిడి మిషన్ పెట్టుకుని, ఇన్సూరెన్స్ కంపెనీ ఆఫీసరుగా వచ్చాడు. నిజానికి ఆ మిషన్ రేడియో రిసీవర్. జేబులోని పెన్ను మైకు. అవతలి వైపు అడవిలో, మోటార్ సైకిలు మీద కానిస్టేబుల్ దూలయ్య. బాంబ్ స్క్వాడ్‌లో పనిచేసినవాడు, ఆ పక్క గూడెం మనిషి.

రూప్‌సింగ్‌కు ఎదురుగా పార్ట్‌నర్ శివ, రిటైరైన మైనింగ్ ఇంజనీరు. ఎడమ పక్క కళావతి. నీలం చీర, వజ్రపు ముక్కుపుడక, చూపు ఎక్కడా నిలపని కళ్లు. కుడి పక్క ఆమె పార్ట్‌నర్ ప్రభాకర్, క్లబ్బు ప్రెసిడెంటు, గ్రానైట్ ఎగుమతిదారు. అందరినీ పేరు పెట్టి పలకరించే మనిషి.

మొదటి ఆటలో బిడ్ శివది. రూప్‌సింగ్ డమ్మీ అయ్యాడు. ముక్కలు పరిచి, శ్రీధర్ ఎక్కిన మెట్లే ఎక్కాడు.

మేడ మీదికి రాగానే అతని సెల్‌ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండాయి. కాలనీ మొత్తంలో టవర్ అందేది ఇక్కడొక్కచోటే. పిట్టగోడ దగ్గర నిలబడి చూశాడు. చెట్ల మధ్య ఎర్రమట్టి రోడ్డు ఒకే ఒక్క చోట కనిపిస్తోంది. అక్కడ ఒక కల్వర్టు. దాని పక్కన ఒక రాయికి ఎవరో కొత్తగా సున్నం వేశారు.

శ్రీధర్ చూసింది ఇదే. జీపు ఆ తెల్లరాయి దగ్గరికి రావాలి. ఇక్కడి నుంచి ఒక ఫోన్ కొట్టాలి. కల్వర్టు లేచిపోతుంది. నేరం అడవిలో తుపాకులు పట్టుకున్నవాళ్ల మీదికి పోతుంది. ఫోన్ చేసినవాడు దిగివచ్చి పేక ఆడుకుంటాడు.

పెన్ను నోటి దగ్గర పెట్టుకున్నాడు. “దూలయ్యా, సున్నం కొట్టిన రాయి పక్కన కల్వర్టు. కింద మందుపాతర ఉండొచ్చు. జల్దీ పో.”

“అవ్ సార్. కాన్వాయ్‌ని ఆపుతా?”

“ఆగరు. అడవిల చెయ్యెత్తినోడికి ఆగొద్దని వాళ్లకు ఆర్డర్. ఫోన్లు గూడ బంద్ చేయించిండ్రు.”

వెనక అలికిడైంది. వాచ్‌మన్ పోతయ్య మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. భుజం మీద తువ్వాల.

“సార్, మీ ఆట అయిపోయింది. కిందికి రండ్రి,” అన్నాడు, దారి వదలకుండానే.

*

కిందికి వచ్చి కూర్చున్నాక రూప్‌సింగ్ బుర్రలో ఒకటే లెక్క. కళావతి డమ్మీ కాకూడదు. డమ్మీ అయితే మేడెక్కుతుంది. ఆమెను కుర్చీలో కట్టెయ్యాలంటే ఒకటే దారి, బిడ్ తనే ఎత్తుకుపోవడం.

చేతిలో ఏమీ లేకుండా నాలుగు చెప్పాడు, ఓడాడు. అయిదు చెప్పాడు, ఇంకా ఘోరంగా ఓడాడు.

శివ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “ఏంది సార్ ఇది. మీ ఇన్సూరెన్స్ కంపెనీ గిట్లనే నడుస్తదా?”

ప్రభాకర్ నవ్వాడు. కళావతి నవ్వలేదు. పోతయ్య వచ్చి రూప్‌సింగ్ కుర్చీ వెనక నిలబడ్డాడు.

చెవిలో దూలయ్య ఆయాసపడుతున్నాడు. “సార్, కల్వర్టు కాడికొచ్చిన. కింద తూములో పైపు నిండ జిలెటిన్. సెల్‌ఫోన్ కట్టిండ్రు, గాని అది సిమెంటు లోపలికున్నది. చెయ్యి పడుతలేదు.” వెంటనే మళ్లీ అన్నాడు. “బండ్ల సప్పుడు వినొస్తుంది సార్.”

అప్పుడే కొత్త ఆట పంచారు.

ప్రభాకర్ మొదలుపెట్టాడు. “వన్ హార్ట్.”

రూప్‌సింగ్ పాస్. కళావతి, “వన్ స్పేడ్.” శివ పాస్.

“టూ హార్ట్స్,” అన్నాడు ప్రభాకర్.

“త్రీ స్పేడ్స్,” అంది కళావతి. గొంతులో సందేహం లేదు. ఆమె చేతినిండా స్పేడ్లే. ప్రభాకర్ తృప్తిగా వెనక్కి వాలి, వాటిని నాలుగుకు పెంచాడు. ఆమె ఏసులెన్ని అని అడిగింది. రెండని చెప్పాడు. ఇక స్లామ్ ఖాయం. పదమూడు ట్రిక్కుల్లో, అంటే పట్లలో, పన్నెండు గెలుస్తామని బల్లగుద్ది చెప్పడం. అందరూ ఆరు స్పేడ్లు వినడానికి సిద్ధమయ్యారు.

“సిక్స్ హార్ట్స్,” అంది కళావతి.

హార్ట్స్ మొదట చెప్పింది ప్రభాకర్. ఆడాల్సింది అతను. అంటే డమ్మీ కళావతి. సొంత స్పేడ్లు వదులుకుని మరీ ఆట పార్ట్‌నర్‌కి అప్పగించిందంటే, లేచిపోవడానికే. శివ, ప్రభాకర్ పాస్ అన్నాక రూప్‌సింగ్ సెవెన్ అనడానికి నోరు తెరిచాడు.

బల్ల కింద ఆమె పాదం అతని పాదాన్ని గట్టిగా తొక్కింది.

శ్రీధర్ నమ్మింది ఈ మనిషినే. నమ్మి చచ్చాడు. రూప్‌సింగ్ ఆమె వేళ్ల వంక చూశాడు. ముక్కలు పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. చంపబోయే మనిషి చెయ్యి కాదు అది, చావబోయే మనిషిది.

“పాస్,” అన్నాడు. ఆ ఒక్క మాటతో తమ్ముడి ప్రాణం ఆమె చేతిలో పెట్టినట్టయింది.

రూప్‌సింగ్ ఒక ముక్క వేశాడు. కళావతి తన ముక్కలు పరిచింది. ఏసు, రాజు, రాణితో మొదలై స్పేడ్లు బల్ల చివరిదాకా వచ్చాయి.

ఆమె లేవలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ప్రభాకర్ ముఖం మాత్రం పాలిపోయింది. “స్పేడ్స్ ఎందుకు చెప్పలేదు కళా?”

“మీ ఆట చూద్దామని,” అంది.

అతని చూపు మెట్ల వైపు పోయి వచ్చింది. అప్పుడు తెలిసింది రూప్‌సింగ్‌కు. మేడెక్కాల్సిన మనిషి ఇతను. ఎవరికీ గుర్తుండకుండా లేచిపోవాలంటే డమ్మీ కావాలి. ఆమె కానివ్వలేదు; బిడ్ మళ్లీ స్పేడ్లకు మార్చి అనుమానం తెచ్చుకునే ధైర్యం అతనికి లేకపోయింది.

ప్రభాకర్ చకచకా ఆడటం మొదలుపెట్టాడు. రూప్‌సింగ్ ప్రతి ముక్కకూ ఆలోచించాడు. “బిడ్డింగ్ మళ్లొకసారి చెప్పండి, వినపడలేదు,” అన్నాడు చెవి మిషన్ సవరించుకుంటూ. శివ ఓపికగా మొదటి నుంచి చెప్పాడు. ప్రభాకర్ నుదుటి మీద చెమట. గెలిచే ఆటలో ఒక ట్రిక్కు పారేశాడు. ఇంకోటి పారేశాడు.

“సార్, మంగీలాల్ జీపు మలుపు తిరిగింది,” అంది చెవిలో గొంతు. “చెయ్యి ఊపిన. స్పీడు పెంచిండు. నేను మళ్ల తూములోకి పోతున్న.”

“బయటికి రా,” అని బల్ల దగ్గరే అరిచాడు రూప్‌సింగ్.

హాలంతా అతని వైపు తిరిగింది. ప్రభాకర్ ముక్కలు విసిరేసి మెట్లకు పరుగెత్తాడు. రూప్‌సింగ్ లేవబోతే వీపుకి ఇనుము తగిలింది. తువ్వాల కింద పోతయ్య చేతిలో రివాల్వర్.

కళావతి బల్ల మీది వేడి టీ కెటిల్ పోతయ్య ముఖాన కొట్టింది. రివాల్వర్ పేలింది. ఆమె భుజం పట్టుకుని కూలిపోతూ, “మేడ మీదికి,” అంది. శివ తన బరువంతా పోతయ్య మీద వేశాడు.

రూప్‌సింగ్ మేడ మీదికి చేరేసరికి ప్రభాకర్ పిట్టగోడ దగ్గర ఉన్నాడు. దూరంగా జీపు తెల్లరాయిని సమీపిస్తోంది. మీదికి దూకాడు. ఇద్దరూ కిందపడ్డారు. అయినా ప్రభాకర్ బొటనవేలు ఫోన్ మీట నొక్కేసింది.

రింగ్ అవుతోంది.

రూప్‌సింగ్ కళ్లు మూసుకున్నాడు. తండాలో తమ్ముడి వెంట పరుగెత్తిన గుట్ట గుర్తొచ్చింది. అమ్మ సోమ్లికి ఏమని చెప్పాలి? రింగ్ ఆగలేదు. పేలుడు రాలేదు. కళ్లు తెరిస్తే మూడు బండ్లూ కల్వర్టు దాటి చెట్లలోకి పోతున్నాయి. వెనక దుమ్ము మాత్రం మిగిలింది.

అతను ప్రభాకర్‌కి సంకెళ్లు వేశాడు. కింద నుంచి శివ గొంతు వినిపించింది. “డాక్టరమ్మకు నెత్తురు ఆగింది సార్, మాట్లాడుతుంది.” ఆ మాట విన్నాకే రూప్‌సింగ్ పిట్టగోడకు ఆనుకుని కూర్చున్నాడు.

నేల మీద పడ్డ ఫోన్‌లో రింగ్ ఆగి, అవతల ఎవరో ఎత్తారు. సిమెంటు పగలగొట్టి, వైర్లు తెంపి, ఆ ఫోన్‌ని చేతిలోకి తీసుకున్న దూలయ్య, ఎవరైనా ఫోన్ చేస్తే మర్యాదగా మాట్లాడాలని నేర్చుకున్న మనిషి.

“హలో, ఎవరు కావాలె? గీడ ఎవ్వరు లేరు సార్, తూములో నేనొక్కన్నే ఉన్న.”